పైసా మీద మచ్చ ఎక్కడిది?

మీ ఇంట్లో చిల్లర వేసే డబ్బాలోంచి ఒక రూపాయి నాణెం తీసి చూడండి. సంవత్సరం అంకెల కింద ఐదు కోణాల బుల్లి నక్షత్రం ఉందా? ఉంటే దాన్ని పక్కన పెట్టుకుని ఈ వ్యాసం చదవండి. ఆ నక్షత్రం గురించే ఒక ఇంట్లో రెండు వేల రూపాయలు పోబోయాయి.

మాది బల్కంపేట. ఎల్లమ్మ గుడికి దగ్గర్లోనే ఉంటాం. మా వీధిలో ఉండే తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ఒకనాటి ఉదయం పరుగెత్తుకుంటూ మా ఇంటికి వచ్చింది. చేతిలో ఒక స్టీలు రూపాయి.

"తాతా! ఈ నక్షత్రం బిళ్ళకు ఐదు లక్షలు ఇస్తరంట. ఫోన్‌ల వచ్చింది. ముందుగాల రిజిస్ట్రేషన్ కోసం రెండు వేలు కట్టాలంట. నాన్న ఇయ్యాల పంపుతనంటున్నడు" అంది.

"సాయంత్రం దాకా ఆగమని చెప్పమ్మా మీ నాన్నకి. ఈలోగా మీ ఇంట్లో ఉన్న పాత నాణేలన్నీ పట్టుకురా" అన్నాను.

ఆమె తమ నాయనమ్మ రేకు డబ్బాను తెచ్చింది. అందులోంచి ఐదు వింత నాణేలు ఏరాం. ఆ రూపాయితో కలిపి ఆరు. వాటిని పాత వార్తాపత్రిక మీద వరసగా పేర్చాం. ఒక భూతద్దం, ఒక బల్ల దీపం తెచ్చుకున్నాం. సాయంత్రానికల్లా ఆరింటిలో ఐదింటి కథ తేలింది. ఆరోది ఇప్పటికీ తేలలేదు. ఎలా తేల్చామో, ఎందుకు తేల్చలేకపోయామో మీరూ తెలుసుకోండి.

నక్షత్రం ఎక్కడిది?

మొదటి నాణెం 1995 నాటి స్టీలు రూపాయి. దాని మీది నక్షత్రంలో రహస్యమేమీ లేదు. నాణేలు తయారుచేసే చోటును టంకశాల అంటారు. ఒకే రకం నాణేలు రెండు మూడు టంకశాలల్లో తయారవుతాయి కాబట్టి, ఏది ఎక్కడ తయారైందో తెలియడానికి ఒక్కో టంకశాల ఒక్కో చిన్న గుర్తు వేస్తుంది. బొంబాయి టంకశాల గుర్తు వజ్రం, అనగా డైమండు ఆకారం. కలకత్తా నాణేల మీద గుర్తేమీ ఉండదు. నోయిడా నాణేల మీద గుండ్రని చుక్క ఉంటుంది. ఐదు కోణాల నక్షత్రం ఎవరిదనుకున్నారు? మన హైదరాబాదుదే!

నిజాం సికందర్ జా కాలంలో, 1803లో సుల్తాన్ షాహీలో ఈ టంకశాల మొదలైంది. 1895లో ఐరోపా నుంచి యంత్రాలు తెప్పించారు. 1903లో దాన్ని సైఫాబాదుకు మార్చారు. బల్కంపేట నుంచి బయలుదేరి అమీర్‌పేట, పంజాగుట్ట, ఖైరతాబాదు దాటితే వచ్చేది ఆ సైఫాబాదే. ఆ ఆవరణను నగరంలో ఇప్పటికీ "మింట్ కాంపౌండ్" అనే పిలుస్తారు. 1950లో భారత ప్రభుత్వం టంకశాలను తన చేతిలోకి తీసుకుంది. 1997లో అది నగరం అంచున ఉన్న చెర్లపల్లికి తరలిపోయింది. సైఫాబాదులోని పాత టంకశాలలో 2022లో ఒక మ్యూజియం తెరిచారు.

హైదరాబాదు గుర్తు మొదటి నుంచీ నక్షత్రం కాదు. 1953 నుంచి 1960 దాకా నడుమ చీలిక ఉన్న వజ్రం. ఆ తరువాత 1968 దాకా లోపల చుక్క ఉన్న వజ్రం. 1968 నుంచి నక్షత్రం. ఈ మూడింటినీ గుర్తుపెట్టుకోండి, ఆరో నాణెం దగ్గర పనికొస్తాయి.

కాబట్టి 1995 నాటి ఆ రూపాయి సైఫాబాదులో, ఆ అమ్మాయి ఇంటికి కొన్ని కిలోమీటర్ల దూరంలోనే పుట్టింది. అటువంటివి మన నగరంలో ఇంటింటా ఉంటాయి. ఇంటింటా ఉన్నదానికి ఐదు లక్షలు ఎవరిస్తారు?

"అయితే ఈ మిగతా ఐదూ ఉత్తవేనా?" అని ముఖం చిన్నబుచ్చుకుంది ఆ అమ్మాయి.

"అలా అనుకోకు. కొన్ని టంకశాలలో పొరపాట్లు జరిగి పుట్టిన నాణేలు కావచ్చు. వాటికి విలువ ఉన్నా లేకపోయినా, చెప్పడానికి కథ మాత్రం ఉంటుంది. అయితే అది తెలియాలంటే అసలు నాణెం ఎలా తయారవుతుందో ముందు తెలియాలి" అన్నాను.

నాణెం ఎలా పుడుతుంది?

మొదటి దశ బిళ్ళ. లోహపు రేకును సరైన మందానికి సాగదీసి, దానిలోంచి గుండ్రని బిళ్ళలు కత్తిరిస్తారు. మీ అమ్మగారు బిస్కెట్లు చేసేటప్పుడు పరిచిన పిండిలోంచి డబ్బా మూతతో గుండ్రాలు తీయడం చూశారా? అచ్చంగా అలాగే. తరువాత ఆ బిళ్ళ అంచును ఒక యంత్రంలో నొక్కి కాస్త పైకి లేపుతారు.

రెండవ దశ అచ్చు. దీన్ని టంకశాలలో "డై" అంటారు. ఇది ఉక్కు దిమ్మ. దాని ముఖం మీద బొమ్మ తలకిందులుగా, అనగా అద్దంలో కనిపించినట్టు కుడి ఎడమలు మారి, లోతుగా చెక్కి ఉంటుంది. వేల వేల నాణేలు కొట్టాలంటే ఒక్క అచ్చు చాలదు, అరిగిపోతుంది. అందుచేత బొమ్మ ఉబ్బెత్తుగా ఉన్న ఒక ఉక్కు ముద్రను తయారుచేసి, దానితో మెత్తబరచిన ఉక్కు దిమ్మలను ఒత్తి చాలా అచ్చులు తీస్తారు. ఆ ముద్ర పేరు "హబ్". మనం దాన్ని తల్లి అచ్చు అందాం.

మూడవ దశ దెబ్బ. కింద ఒక అచ్చు, పైన ఒక అచ్చు, నడుమ బిళ్ళ. బిళ్ళ పక్కలకు పారిపోకుండా చుట్టూ ఒక ఉక్కు కట్టు. పై అచ్చు అపారమైన బలంతో వచ్చి పడుతుంది. లోహం అచ్చులోని గుంటల్లోకి చొచ్చుకుపోతుంది. బొమ్మా బొరుసూ ఒక్క దెబ్బలోనే ఏర్పడతాయి.

ఆ తరువాత నాణెం లోకంలోకి వస్తుంది. జేబుల్లో, హుండీల్లో, గల్లాపెట్టెల్లో, పిల్లల చేతుల్లో అరుగుతుంది. ఇది నాలుగవ దశ.

నాణెం మీద మీకు ఏ వింత కనిపించినా సరే, "ఇది ఈ నాలుగింటిలో ఏ దశలో జరిగింది?" అని మొదట అడగండి. మొదటి మూడు దశల్లో జరిగితే అది టంకశాల పొరపాటు. నాలుగవ దశలో జరిగితే అది వట్టి దెబ్బ. ఎంత వింతగా ఉన్నా సరే, దెబ్బ దెబ్బే.

ఉబ్బెత్తా? లోతా?

రెండవ, మూడవ నాణేలు 1957 నాటి నయా పైసలు. ఆ ఏడాది ఏప్రిల్ 1న మన దేశంలో దశాంశ నాణేలు వచ్చాయి. అంతకుముందు రూపాయికి 16 అణాలు, అణాకు 4 పైసలు. అంటే రూపాయికి 64 పైసలు. కొత్త లెక్కలో రూపాయికి 100. పాత పైసాతో కలగాపులగం కాకుండా కొత్తదానికి "నయా పైసా" అని పేరు పెట్టి, రూపాయిలో నూరోవంతు అని నాణెం మీదనే హిందీలో రాశారు. 1964 జూన్‌లో "నయా" అనే మాట తీసేశారు. మొదటి నయా పైసా కంచుది. వ్యాసం 16 మిల్లీమీటర్లు, బరువు ఒకటిన్నర గ్రాము.

ఈ రెండు పైసల మీదా వంకర గీతలున్నాయి. ఒకదానిలో గీత అంచు దగ్గర మొదలై సంవత్సరం అంకె మీదుగా పోతోంది. రెండోదానిలో ఒక అక్షరాన్ని కోసుకుంటూ పోతోంది. మామూలు కంటికి రెండూ ఒకేలా ఉన్నాయి. దీపాన్ని పక్కకు దించి, వెలుగు నాణెం మీద ఏటవాలుగా పడేలా పెట్టాం. అప్పుడు తేడా తెలిసింది. మొదటిదాని గీత కట్టలాగా పైకి లేచి ఉంది. రెండోదాని గీత కాలవలాగా లోతుగా ఉంది.

ఇప్పుడు ఆలోచించండి. అచ్చులో గుంట ఉన్నచోట నాణెం మీద ఉబ్బు వస్తుంది కదా. వేల దెబ్బలు తిన్న అచ్చు ఒకనాడు పగులు ఇస్తుంది. పగులంటే సన్నటి గుంటే. దెబ్బ పడినప్పుడు లోహం ఆ పగులులోకి కూడా దూరుతుంది. కనుక అచ్చు పగిలితే నాణెం మీద ఉబ్బెత్తు గీత వస్తుంది. మేకుతోనో, రాయితోనో నాణేన్ని గీకితే లోతైన గీత పడుతుంది. నాణేన్ని గీకి ఉబ్బెత్తు గీత తెప్పించడం ఎవరి తరమూ కాదు. గీకినప్పుడు లోహం పక్కలకు చిన్న గట్లుగా లేస్తుంది, అంతే.

కాబట్టి రెండవ నాణెం మీది మచ్చ టంకశాలది, మూడవ దాని మీదిది మనిషి చేతిది.

ఈ సూత్రానికి ఒక మినహాయింపు ఉంది, మరచిపోకండి. అచ్చుకూ బిళ్ళకూ నడుమ తీగముక్కో, పీచో పడితే నాణెం మీద లోతైన గుర్తే పడుతుంది. అది టంకశాల పొరపాటే. అలాగే అచ్చు గుంటలో గ్రీజు, మురికి పేరుకుంటే అక్కడికి లోహం చేరదు. అక్షరం మసకబారుతుంది, లేదా మొత్తానికే రాదు.

అచ్చు పగులులో ఇంకో చిత్రం ఉంది. పగులు రోజురోజుకూ పెరుగుతుంది. ఒకే అచ్చుతో కొట్టిన నాణేలు నాలుగు దొరికితే, వాటి మీది గీత పొడవును బట్టి ఏది ముందు పుట్టిందో, ఏది వెనక పుట్టిందో వరసగా పేర్చవచ్చు. ఏ రిజిస్టరులోనూ రాయని సంగతి అది! చివరికి అచ్చు అంచు ముక్క ఊడిపోతే, ఆ ఖాళీలోకి లోహం చేరి నాణెం అంచున కాయ కట్టినట్టు ముద్ద తేలుతుంది.

పచ్చటి పైసా, కొరికిన పావలా

నాలుగవది 1962 నాటి నయా పైసా. మిగతావి ఎర్రగా ఉంటే ఇది పసుపుపచ్చగా ఉంది. "వేరే నాణెం బిళ్ళ మీద పొరపాటున ముద్ర పడిందా?" అని అడిగింది ఆ అమ్మాయి. మంచి ప్రశ్నే. అలాంటి పొరపాట్లు నిజంగా జరుగుతాయి. బరువు చూస్తే చాలావరకు బయటపడతాయి. ఇక్కడ సంగతి వేరు. 1962లోనే నయా పైసాను కంచు నుంచి నికెల్ కలిపిన ఇత్తడికి మార్చారు. ఆ సంవత్సరం అంకెతో రెండు లోహాల్లోనూ పైసలున్నాయి. ఇది పొరపాటు కాదు, తెలిసి చేసిన మార్పు. చూశారా, ఒకే ఏడాది నాణేలు రెండు రకాలుగా ఉన్నంత మాత్రాన ఒకటి తప్పుగా పుట్టిందనుకోకూడదు.

ఐదవది 25 పైసల నాణెం. 25 పైసలూ, అంతకు తక్కువవీ 2011 జూన్ 30 తరువాత చెల్లకుండా పోయాయి. కాబట్టి అవి ఇప్పుడు ఇలాంటి డబ్బాల్లోనే కనిపిస్తాయి. దీని అంచును ఎలుక కొరికినట్టు ఒక చంద్రవంక పోయింది. టంకశాలలో ఇలా జరగడం కద్దు. రేకులోంచి ఒక బిళ్ళ తీశాక, రేకు సరిగా ముందుకు జరగకపోతే, పక్క బిళ్ళ పాత చిల్లు మీద పడుతుంది. దానికి చంద్రవంకంత లోపం వస్తుంది. కాని ఒక ఆకురాయి ఉంటే ఎవరైనా అలా కోయగలరు. ఎలా తేల్చాలి?

లోపం ఉన్న చోటును కాక, దానికి సరిగ్గా ఎదుటి వైపును చూడాలి. అంచు లేపే యంత్రం బిళ్ళను రెండు పక్కలా నొక్కి పట్టుకుని దొర్లిస్తుంది. ఒక పక్క లోపం ఉంటే, అది యంత్రానికి తగిలే క్షణంలో ఎదుటి పక్క కూడా ఒత్తిడి పడదు. అందుచేత టంకశాలలో కొరుకు పడిన నాణేనికి ఎదుటి వైపు అంచు కూడా తరచు బలహీనంగా, పల్చగా ఉంటుంది. మా 25 పైసల నాణేనికి ఎదుటి అంచు నిండుగా, గట్టిగా ఉంది. కోసిన చోట సన్నటి ఆకురాయి గీతలు కూడా కనిపించాయి. అది ఎవరో కోసినదే. నాణేలను కోయడం, కరిగించడం నేరమని 2011 నాటి నాణేల చట్టం చెబుతోంది. అందుచేత సరదాకైనా ఆ పని చేయకండి.

నిజాం పేరులో మొదటి అక్షరం

అచ్చులో తేడా ప్రతిసారీ పొరపాటు వల్లనే రాదు. దీనికి మన సైఫాబాదు టంకశాలలోనే చక్కని ఉదాహరణ ఉంది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ వెండి రూపాయి మీద చార్మినార్ బొమ్మ ఉంటుంది. ద్వారం లోపల ఒక ఉర్దూ అక్షరం కనిపిస్తుంది. అది "మీమ్", మహబూబ్ పేరులో మొదటి అక్షరం. ఆయన 1911 ఆగస్టులో మరణించాడు. ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కాడు. రూపాయి మీద చార్మినార్ అలాగే ఉంది, కాని ద్వారంలో అక్షరం మారింది. ఉస్మాన్ పేరు "ఐన్" అనే అక్షరంతో మొదలవుతుంది. కొత్త నిజాం తొలి నాణేల మీద ఈ ఐన్ కురచగా ఉంది. ఆ తరువాతి వాటి మీద పూర్తి ఐన్ వచ్చింది. హిజ్రీ 1329, అనగా దాదాపు 1911 సంవత్సరం అంకెతో ఇద్దరు నిజాముల నాణేలూ ఉన్నాయి. బియ్యపు గింజంత అక్షరం చూసి, ఆ రూపాయి ఏ నిజాం కాలంలో కొట్టినదో చెప్పవచ్చు. ఇలా ఒకే నాణెం అచ్చుల్లో వచ్చిన తేడాలను సేకరించేవాళ్ళు "డై రకాలు" అంటారు.

సముద్రాల అవతల ఒక సెంటు

మీ బంధువులెవరైనా అమెరికా నుంచి చిల్లర తెచ్చి ఉంటే, అందులో రాగిరంగు సెంటు బిళ్ళలు ఉండవచ్చు. అక్కడ 1857 దాకా సెంటు పెద్ద రాగి బిళ్ళగా ఉండేది. ఆ ఏడాది దాన్ని 19 మిల్లీమీటర్ల చిన్న బిళ్ళగా మార్చారు. ఈ చిన్న సెంట్లలో అచ్చుల తేడాలను వెతికేవాళ్ళు లోకమంతటా ఉన్నారు. రెండు ఉదాహరణలు చెబుతాను.

1955లో ఫిలడెల్ఫియా టంకశాలలో ఒక అచ్చు తయారుచేస్తున్నారు. తల్లి అచ్చుతో ఒకసారి ఒత్తగానే ఉక్కు గట్టిపడుతుంది. కనుక దాన్ని మళ్ళీ కాల్చి మెత్తబరచి రెండోసారి ఒత్తేవారు. రెండోసారి అచ్చు కొంచెం తిరిగి కూర్చుంది. దానితో అక్షరాలు, అంకెలు జంటగా పడ్డాయి. ఆ అచ్చుతో కొట్టిన సెంట్లు ఇరవై వేలకు పైగా జనంలోకి వెళ్ళిపోయాయి. అన్నిటిలోనూ అదే జంట, అదే ఎడం!

ఇక్కడ ఒక హెచ్చరిక. దెబ్బ పడిన క్షణంలో అచ్చు కాస్త వదులుగా ఉండి కదిలినా అక్షరాలు జంటగా కనిపిస్తాయి. భూతద్దంలో చూస్తే తేడా తెలుస్తుంది. అచ్చులోనే జంట ఉంటే రెండు అక్షరాలూ గుండ్రంగా, నిండు ఎత్తుతో ఉంటాయి. చివరలు చీలినట్టు కనిపిస్తాయి. అచ్చు కదిలినందువల్ల వచ్చినదైతే పక్కన అరుగులాగా చదునైన మెట్టు మాత్రమే ఉంటుంది. మొదటిది అరుదు. రెండవది కొల్లలు.

ఇంకొకటి 1922 నాటిది. ఆ ఏడాది సెంట్లను డెన్వరు టంకశాల ఒక్కటే కొట్టింది. దాని గుర్తు "డి" అనే అక్షరం. అయినా కొన్ని 1922 సెంట్ల మీద ఆ అక్షరం లేదు! మరెక్కడా కొట్టలేదని రికార్డులు చెబుతున్నాయి. అయితే గుర్తు ఏమైంది? అచ్చులు అరిగిపోయాయి, పూడిపోయాయి. ఒక అచ్చు మచ్చ పోగొట్టడానికి దాన్ని సానబట్టినప్పుడు గుర్తు కూడా చెరిగిపోయింది. గుర్తు కనిపించనంత మాత్రాన అది గుర్తు వేయని టంకశాలదని చెప్పలేమన్నమాట.

తేలని ఆరో నాణెం

ఈ పాఠమే మా ఆరో నాణెం దగ్గర అక్కరకొచ్చింది. అదీ 1957 నాటి నయా పైసాయే. అంకెల కింద వజ్రం ఉంది. నడుమ చీలిక లేదు. "అయితే బొంబాయిది" అంది ఆ అమ్మాయి వెంటనే. కాని భూతద్దంలో చూస్తే వజ్రం పై కొసన, చీలిక మొదలై ఆగిపోయినట్టు, సన్నటి నొక్కు ఉంది.

మూడు కారణాలుండవచ్చు. ఒకటి, ఇది బొంబాయి నాణెమే. ఆ నొక్కు తరువాత తగిలిన దెబ్బ. రెండు, ఇది హైదరాబాదు నాణెం. చీలికలో అరవై ఏళ్ళ మురికి పేరుకుంది. మూడు, ఇది హైదరాబాదు నాణెమే, కాని లోపం అచ్చులో ఉంది. నాణెం మీద చీలిక ఉన్నచోట అచ్చులో సన్నటి ఉక్కు గోడ నిలబడి ఉంటుంది. ఆ గోడ అరిగి విరిగిపోతే రెండు సగాలూ కలిసి ఒక్క వజ్రంగా పడతాయి.

రెండో కారణాన్ని పరీక్షించడం తేలిక. నాణేన్ని శుభ్రమైన నీళ్ళలో ఒక రోజంతా నానబెట్టి, రుద్దకుండా నూలు గుడ్డ మీద అద్ది ఆరబెట్టాం. చీలిక బయటపడలేదు. మిగిలినవి రెండు కారణాలు. వీటిని ఈ ఒక్క నాణెంతో తేల్చలేం. దెబ్బ ఒక్క నాణేనికే తగులుతుంది. అచ్చులోని లోపం మాత్రం ఆ తరువాత దానితో కొట్టిన ప్రతి నాణెం మీదా అదే చోట, అదే ఆకారంలో పడుతుంది. ఇదే నొక్కు, ఇదే వజ్రం ఉన్న రెండో పైసా దొరికితే అచ్చు తప్పని రుజువవుతుంది. దొరికేదాకా "తెలియదు" అనడమే సరైన జవాబు. సైన్సులో అది సిగ్గుపడే మాట కాదు.

చింతపండు జోలికి పోకండి

"చింతపండుతోని తోమితే మంచిగ మెరుస్తది కద తాతా, గుర్తు కూడ కనిపిస్తది" అంది ఆ అమ్మాయి. మీకూ అనిపించి ఉంటుంది. ఇత్తడి చెంబుకు చింతపండు మంచిదే. అందులోని టార్టారిక్ ఆమ్లం రాగి మీది ఆక్సైడు పొరను కరిగిస్తుంది. కాని నాణెం మీద ఆ పొరే సాక్షి. గీత లోపల కూడా ముదురు పొర పట్టి ఉంటే ఆ గీత పాతది. గీత లోపల లోహం తళతళలాడుతుంటే అది నిన్న మొన్నటిది. చింతపండు ఈ సాక్ష్యాన్ని ఒక్క నిమిషంలో తుడిచేస్తుంది. పీచు పెట్టి రుద్దితే వేల కొత్త గీతలు పడతాయి. నాణేన్ని అంచులు పట్టుకుని ఎత్తండి. పరీక్షకు ముందు కడగకండి. బరువు చూడాలంటే మీ బడి ప్రయోగశాలలోని త్రాసు, కొలవాలంటే వెర్నియర్ కాలిపర్సు ఉన్నాయి కదా!

మీరే టంకశాల నడపండి

కావలసినవి: ఒక సబ్బు బిళ్ళ, చపాతీ పిండి, జామెట్రీ పెట్టెలోని కంపాసు, కొంచెం పొడి పిండి.

1. సబ్బు మీద కంపాసు మొనతో "గ" అక్షరాన్ని లోతుగా చెక్కండి. ఇదే మీ అచ్చు.

2. పిండిని చిన్న ఉండలు చేసి చదును చేయండి. అంటుకోకుండా పొడి పిండి చల్లి, సబ్బు మీద ఒత్తి తీయండి. అక్షరం ఉబ్బెత్తుగా, తలకట్టు తిరగబడి వస్తుంది. టంకశాలలో అక్షరాన్ని తిరగేసి చెక్కడం ఎందుకో ఇప్పుడు తెలిసిందా?

3. సబ్బు అంచు నుంచి అక్షరం దాకా ఒక సన్నని గీత గీయండి. మళ్ళీ ఒత్తండి. అచ్చు పగిలితే ఏమవుతుందో చూడండి. గీతను పెంచుతూ మూడు బిళ్ళలు తీయండి.

4. అక్షరంలో సగం గుంటను నెయ్యితో పూడ్చి ఒత్తండి.

5. ఇంకో బిళ్ళను ఒకసారి ఒత్తి, రవ్వంత జరిపి మళ్ళీ ఒత్తండి.

6. చివరగా ఒక మంచి బిళ్ళను తీసి దాని మీదే కంపాసుతో గీకండి.

ఇప్పుడు బిళ్ళలన్నీ కలిపేసి మీ స్నేహితుడికి ఇవ్వండి. ఏది ఏ దశలో చెడిందో, గీత ఉన్నవి ఏ వరసలో పుట్టాయో చెప్పమనండి. ఒక్క మాట కూడా వినకుండా, కేవలం చూసి చెప్పగలిగితే అతడు పాసయినట్టే.

సాయంత్రం ఏమైంది?

ఆ అమ్మాయి వార్తాపత్రికతో సహా నాణేలన్నీ ఇంటికి తీసుకుపోయి, నాన్నను దీపం దగ్గర కూర్చోబెట్టింది. నక్షత్రం ఎవరిదో చెప్పింది. ఇంట్లో ఉన్న చిల్లరలోంచి నక్షత్రం రూపాయలు ఇంకో ఏడు ఏరి వరసగా పెట్టింది. "అట్లయితే మనకు నలభై లక్షలు రావాలె నాన్నా!" అంది. ఆయన నవ్వాడు. డబ్బు పంపలేదు.

పాత నోట్లు, నాణేల కొనుగోలు పేరిట తన పేరూ ముద్రా వాడుకుని ఫీజులు, పన్నులు అంటూ డబ్బు గుంజేవాళ్ళున్నారని 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే ప్రజలను హెచ్చరించింది. కొనేవాడు డబ్బిస్తాడు గాని, అమ్మేవాడినే ముందు డబ్బు కట్టమనడు. ఈ చిన్న లెక్క మీ ఇంట్లో అందరికీ చెప్పండి.

ఆరో నాణెం మాత్రం ఆ అమ్మాయి దగ్గరే, ఒక కాగితపు పొట్లంలో ఉంది. పొట్లం మీద "1957, వజ్రం, పైన నొక్కు, ఇంకా తెలియదు" అని రాసి పెట్టుకుంది. మీ నాయనమ్మల, అమ్మమ్మల డబ్బాల్లో నయా పైసలుంటే, తోమకుండా, భూతద్దం పెట్టి అంకెల కింద చూడండి. దానికి తోడు మీ ఇంట్లోనే దొరుకుతుందేమో!